సన్నాయి అరలో జనరల్ నాలెడ్జి

ఆ రోజుల్లో మా యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చే విద్యార్థుల్లో పుస్తకాలు చదివేవాళ్ళు కొందరైతే, పుస్తకాలు దాచేవాళ్ళు ఇంకొందరు. ఇప్పటి పిల్లలకు ఈ రెండో విద్య గురించి చెబితే నమ్మరు. ఫోన్లో వేలు ఆడిస్తే దొరికేదాని కోసం ఒక మనిషి మెట్లెక్కి, అరల మధ్య వంగి, అటూ ఇటూ చూసి, లావుపాటి గైడును ఎక్కడో సంబంధం లేని పుస్తకాల మధ్య దూర్చి రావడమేమిటని నవ్వుతారు. కానీ హాస్టల్ నిండా గ్రూప్స్ పరీక్షకు తయారయ్యేవాళ్ళు ఉండి, పనికొచ్చే జనరల్ నాలెడ్జి గైడు మాత్రం లైబ్రరీ మొత్తానికి ఒక్కటే ఉండి, దాన్ని గదికి ఇవ్వం, ఇక్కడే కూర్చుని చదువుకోండి అని బోర్డు పెడితే ఎవరైనా ఏం చేస్తారు? సాయంత్రం మూసే గంట కొట్టగానే దాన్ని తనొక్కడికే తెలిసిన చోట పెట్టి, పొద్దున తలుపు తీయగానే పోయి తీసుకుంటారు. మేము దీన్ని తప్పనుకోలేదు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం లాంటిదే అనుకున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఈ మధ్య అనంతపురంలో ఒక సన్మాన సభ జరిగింది. సన్మానం నాకు కాదు (కరెంటాఫీసు గుమాస్తాకు శాలువా ఎవరు కప్పుతారు?), నాతో కలిసి చదువుకున్న ఒక సన్నాయి విద్వాంసుడికి. ఆయన శాలువా సర్దుకుని, మైకు ముందు నిలబడి, జనంలో కూర్చున్న నన్ను చూపించి ఒక మాట చెప్పాడు. సభంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టింది. నేను లేచి నమస్కారం కూడా పెట్టాను. ఆ నమస్కారం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎందుకంటే ఆయన చెప్పిన మాటలో ఒక తప్పుంది, దాన్ని సరిదిద్దాల్సింది నేను. ఆ రోజు చప్పట్లు కొట్టిన పెద్దలు దయచేసి ఇది చివరిదాకా చదవాలని మనవి.

దాచడంలో కూడా తరగతులుండేవి. కొత్తగా చేరినవాళ్ళు బీరువాల వెనక, అరల పైన దాచి, మరునాడే పోగొట్టుకుని మెస్సులో ముఖం వేలాడేసుకునేవారు. నేను ఆ దశ దాటినవాణ్ణి. నేను నంబర్లు నేర్చుకున్నాను. లైబ్రరీలో ప్రతి పుస్తకం వీపు మీదా ఒక తెల్ల చీటీ ఉంటుంది. దాని మీద ఒక నంబరు, నంబరు కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలు. అదే ఆ పుస్తకం ఇంటి చిరునామా. ఐదు వందల్లో సైన్సు, తొమ్మిది వందల్లో చరిత్ర, ఏడు వందల్లో బొమ్మలూ భవనాలూ. ఆ ఏడు వందల్లోనే కాస్త ముందుకు నడిస్తే 780 దగ్గర సంగీతం మొదలవుతుంది. 787లో వీణలూ వయొలిన్లూ, 788లో ఊదేవన్నీ. ఈ నంబర్లన్నీ నేను చదువు మీద ప్రేమతో నేర్చుకోలేదు. మనుషులు అడుగుపెట్టని చోటు ఏదో కనిపెట్టడానికి నేర్చుకున్నాను. ఆ చోటు 788 అని తేలింది. మా యూనివర్సిటీలో సంగీత శాఖే లేదు. సంగీతమంటే ప్రాణం పెట్టే ఒక తాసిల్దారు పోయాక ఇంటివాళ్ళు ఆయన పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేశారట. అప్పటినుంచి ఆ వైపు బల్లులు తప్ప ఎవరూ తిరిగిన జాడ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకు ఇంకా గొప్ప ఆలోచన వచ్చింది. గైడు వీపు మీదున్న అసలు చీటీపైన ఇంకో తెల్ల చీటీ పెట్టి, లైబ్రరీవాళ్ళ దస్తూరీని అనుకరిస్తూ నల్ల ఇంకుతో 788 అని రాసి, మెస్సు నుంచి గంజి తెచ్చి అంటించాను. ఇక నేను గైడును బల్ల మీదే వదిలేసి పోయినా, అటెండరు చీటీ చూసి మర్యాదగా మోసుకుపోయి దాన్ని సన్నాయిల పక్కన పెట్టేవాడు. అంటే నా దొంగసొత్తుకు సర్కారు ఖర్చుతో కాపలా. ఒక్కటే ఇబ్బంది, అర ఇరుకు. గైడు పట్టాలంటే ఏదో ఒక సన్నపాటి పుస్తకం బయటికి రావాలి. గోధుమరంగు అట్ట ఉన్న ఒక పాత పుస్తకాన్ని లాగాను. సన్నాయి మీద వాయించే కీర్తనల స్వరలిపి. ఎప్పుడైనా తిరిగి పెట్టాల్సి వస్తే గుర్తుండాలని అంకెలు తిరగేసి, 788ని 887 చేసి, అక్కడున్న గ్రీకు హాస్య రచనల మధ్య నిలబెట్టాను. (787ని తిరగేస్తే మళ్ళీ 787యే వస్తుంది. అందుకే వీణల జోలికి పోలేదు.) ఇదంతా లైబ్రేరియన్ కంట పడకుండా చేయాలి. ఎప్పుడూ గళ్ళ చొక్కాలే వేసుకునే ఆయన్ను మేము గళ్ళచొక్కా సార్ అనేవాళ్ళం. పుస్తకాలు దాచేవాడు దొరికితే ఆయన వాడి కార్డు రద్దు చేసేవాడు. కార్డు లేకపోతే హాల్‌టికెట్ రాదు, హాల్‌టికెట్ లేకపోతే మా ఊరు బెళుగుప్పకు తిరిగిపోయి చెనిక్కాయలు ఒలవాల్సిందే.

ఇక మన విద్వాంసుడి సంగతి. ఆ రోజుల్లో వాడి పేరు పీపీ. (ఇకమీదట వాడు అనే రాస్తాను. అప్పటికి మా ఇద్దరికీ శాలువాలు లేవు.) ఎమ్మే ఎకనామిక్సులో నా క్లాసు, హాస్టల్లో నా పక్క గది. తనకల్లు వైపు నుంచి వచ్చాడు. తరతరాలుగా సన్నాయి వాయించే ముస్లిం కుటుంబం. ఆ చుట్టుపక్కల గుడి ఉత్సవమైనా, పెళ్ళి పీటలైనా, దర్గాలో ఉరుసైనా వాళ్ళ ఊపిరితోనే మొదలయ్యేది. వాడు తెల్లవారకముందే హాస్టల్ వెనక గుట్ట ఎక్కి సాధన చేసేవాడు. మా వైపు గాలికి అడ్డం పడేందుకు ఏముంది, చెట్టా చేమా? ఆ నాదం తిన్నగా వచ్చి మా కిటికీల్లో దూరేది. మేము దుప్పట్లు ముసుగేసుకుని తిట్టి తిట్టి చివరికి ఆ పేరు పెట్టాం. వాడు కోప్పడలేదు. పిలిస్తే పలికేవాడు.

ఒక మధ్యాహ్నం నేను మెస్సులో సంగటి ముద్దను ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంటుంటే, పీపీ పరుగున వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. రేడియో వాళ్ళు ఆడిషన్‌కు పిలిచారట, వచ్చే వారమే. వాయించగల కీర్తనల పట్టీ ఎప్పుడో పంపాడట, వాళ్ళు అందులోంచి ఏది అడిగితే అది వాయించాలట. పట్టీ చెప్పి రాయించింది వాళ్ళ నాయన. అన్నిటికంటే పైన తమ ఇంటి కీర్తన వేయించాడు. ఊరేగింపు గుడి మలుపు తిరిగేటప్పుడు వీడి తాత వాయించేది, ఇంకెవరికీ రానిది. చిక్కేమిటంటే, దాని చివరి చరణం నాయనకు కూడా రావడం లేదు. పళ్ళు ఊడిపోయి ఊపిరి పక్కలకు జారిపోతోందని ఆయన సన్నాయి మానేసి చాలా కాలమైంది. కొడుక్కి నోటితో పాడి నేర్పించాడు గానీ, చరణం దగ్గరికి రాగానే ఆగిపోతున్నాడట.

"ఆడికొచ్చి నిలబడిపోతాడప్పా, ఇసకలో బండి నిలబడినట్ల. కండ్లు మూసుకుంటాడు, చేతులు పైకెత్తుతాడు, అంతే."

వాళ్ళు వేరేది అడుగుతారులే అన్నాను.

"అదే అడిగితే? మా ఇంటిదే మాకు రాదని చెప్పాల్నా? ఇది పోతే బీయెడ్డు చేసి పంతులు పని చూసుకో, సన్నాయి అటక మీద పెట్టేస్తా అంటాండాడు నాయన. ఆయప్ప అన్న్యాడంటే పెట్టేస్తాడు."

అయినా వాడి ముఖం అలా వెలగడానికి కారణముంది. తాత బతికున్నప్పుడు ఒక సంగీతం మాస్టారు వాళ్ళ ఇంటికొచ్చి, పంచలో కూర్చుని, తాత దగ్గర ఆ కీర్తన మొత్తం రాసుకుని పోయాడట. తరవాత అచ్చు కూడా వేశాడట. ఆ పుస్తకం కోసం వీడు పొద్దున మా లైబ్రరీలో కార్డుల సొరుగులన్నీ లాగాడు. 'స' సొరుగులో సన్నాయి కార్డు దొరికింది. వాడు గుప్పిట విప్పాడు. అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకున్న నంబరు. 788.

చేతిలోని ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

"రేయ్ బెళుగుప్పా, లైబ్రరీలో ఏ నంబరు యాడుండాదో నీకు నిద్రలో లేపి అడిగినా వస్తాదంట కదా. రా, పోదాం."

నువ్వు సాధన చేసుకోపో, పుస్తకం నేను తెస్తానని వాణ్ణి గుట్ట మీదికి తరిమి, ఎంగిలి చేత్తోనే లైబ్రరీకి పరిగెత్తాను. నిజం చెప్పొద్దూ, భయంతో పాటు లోపల ఒక హుషారు కూడా ఉంది. 887 దగ్గరికి పోతాను, పుస్తకం తీస్తాను, వాడి చేతిలో పెడతాను, వాడి దృష్టిలో మొనగాణ్ణి అవుతాను, నా గైడు జోలికి ఎవరూ రారు. మెట్లు రెండేసి ఎక్కి గ్రీకుల దగ్గరికి చేరాను. గోధుమరంగు అట్ట లేదు. అది ఉండాల్సిన చోట కప్పను కోసి లోపలి భాగాలు చూపించే లావుపాటి జువాలజీ పుస్తకం ఉంది.

ఇంకో దాచేవాడు నా చోటు కనిపెట్టాడన్నమాట. అది ఎవరో ఆలోచించాల్సిన పని లేదు. ఉరవకొండ నుంచి వచ్చిన జువాలజీ వాడొకడుండేవాడు, మేము కప్ప అని పిలిచేవాళ్ళం. ల్యాబు బయట పట్టుకుని, గ్రీకుల మధ్యలో నీ కప్పలకేం పని అని అడిగాను. గ్రీకుల్లో నీకేం పని అని వాడు అడిగాడు. (దాచేవాళ్ళలో ఒకడి చోటు ఇంకొకడు అడగకూడదు, అది మర్యాద.) చివరికి పీపీ ఆడిషన్ సంగతి చెప్పాక వాడు మెత్తబడ్డాడు.

"ఆడ ఒక తెలుగు పుస్తకం ఉండె. గ్రీకుల్లో తెలుగేంది, ఎవురో తెలివిలేనోడు పెట్టింటాడని తీసి తెలుగు పద్యాల్లో ఏసినా. మంచిపనే చేసినా కదప్పా?"

మా లైబ్రరీలో తెలుగు పద్యాలంటే ఒక గోడ. నేల నుంచి పైకప్పు దాకా ఆ చివర నుంచి ఈ చివర వరకు శతకాలు, ప్రబంధాలు, వాటి వ్యాఖ్యానాలు, ఆ వ్యాఖ్యానాలపై విమర్శలు. సగం గోధుమరంగు అట్టలే. మరునాడు పొద్దున్నే నేనూ కప్పా ఆ గోడ మీద పడ్డాం. సాధన ముగించుకుని పీపీ కూడా వచ్చి చేరాడు. దుమ్ముకు ముగ్గురమూ తుమ్ముతూ ఒక్కొక్క పుస్తకాన్ని లాగి చూస్తున్నాం. నిచ్చెన మీద నేను, కింద వాళ్ళిద్దరు. పీపీ ఉన్నట్టుండి అరచేయి చూసుకున్నాడు.

"ఒకసారి 788లోనే చూస్తే?"

"చూసినా. లేదప్పా ఆడ," అన్నాను నిచ్చెన మీంచి.

"బాగా చూసినావా?"

"రోజూ చూస్తాండా కదప్పా."

"నీకు చెప్పింది నిన్ననే కదా. రోజూ ఏం చూస్తాంటివి?"

ఆ క్షణంలో నాకు తుమ్ము రావడం పద్యాల పుణ్యం. ఒకదాని తరవాత ఒకటి అవసరమైనదానికంటే ఎక్కువ తుమ్మి, నిచ్చెన జరిపించి మాట మార్చాను. కానీ ఆ మాట వాడి చెవిలో పడింది. అది తరవాత తెలిసింది.

గోడలో పుస్తకం దొరకలేదు. ఈలోగా సంగతి హాస్టలంతా పాకింది. పొద్దున్నే నిద్ర చెడగొట్టే పీపీ మీద మాకు ఇంత అభిమానం ఉందని మాకే తెలియదు. వాడికి ఆడిషన్ పోతుందనేసరికి ఎక్కడెక్కడి వాళ్ళూ దిగారు. పద్యాల నుంచి ఇంకెవడైనా తీసి ఇంకెక్కడైనా పెట్టి ఉండొచ్చు కాబట్టి, దాచేవాళ్ళందరూ తమ తమ చోట్లు వెతకాలని కప్ప పెద్దరికంగా ప్రకటించాడు. ఇక చూడండి. వంటల పుస్తకాల మధ్య నుంచి న్యాయశాస్త్రం బయటికొచ్చింది. యోగాసనాల వెనక నుంచి కెమిస్ట్రీ వచ్చింది. ఏడాదిగా పోయిందని లైబ్రరీ వాళ్ళు ఏడుస్తున్న స్టాటిస్టిక్స్ పుస్తకం పశువైద్యంలో కనిపించింది, దాచినవాడు దాన్ని ఎత్తుకుని, తప్పిపోయిన బిడ్డ దొరికినంత సంబరపడ్డాడు (ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడట). ఒక్క సన్నాయి కోసం మా హాస్టల్ గుట్టంతా బట్టబయలైంది. అందరూ తమ చోట్లు ఒప్పుకున్నారు, నేను తప్ప. నేను ఆ దండుకు సేనాపతినై, నువ్వు నాలుగు వందల్లోకి పో, నువ్వు ఆరు వందలు చూడు అని పంపకాలు చేస్తున్నాను. ఏడు వందలు మాత్రం నేనే చూస్తానని చెప్పాను. గళ్ళచొక్కా సార్ దూరం నుంచి మమ్మల్ని చూసి మురిసిపోయాడు. ఇంతకాలానికి పిల్లలు నంబర్లు చూసి పుస్తకాలు వెతుకుతున్నారని, మమ్మల్ని చూసి నేర్చుకోమని జూనియర్లకు చెప్పాడట.

ఆ వారంలో కూడా నేను పొద్దున్నే తలుపు తీయగానే పోయి, 788లోంచి నా గైడు తీసుకుని చదువుకుంటూనే ఉన్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. పరీక్ష దగ్గర పడింది మరి. అసలు విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో గైడు అరలోంచి బయటికి రావడం కష్టమైంది. గట్టిగా లాగాల్సి వచ్చేది. ఎండకు చెక్క ఉబ్బిందేమో అనుకున్నాను. (అనంతపురం ఎండకు చెక్క ఉబ్బుతుందని అనుకున్నవాడికి జనరల్ నాలెడ్జి ఎంత అవసరమో మీరే చెప్పండి.)

ఆడిషన్‌కు బస్సెక్కాల్సిన రోజుకు ముందురోజు పీపీ వాళ్ళ నాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద ఎర్ర తువ్వాలు, బుగ్గలు లోపలికి పోయిన పెద్దాయన. కొడుకు ముఖం చూడగానే సంగతి ఆయనకు తెలిసిపోయింది. మేమందరం లైబ్రరీ మెట్ల మీద తలలు వంచుకుని నిలబడ్డాం. ఆయన కోప్పడలేదు, ఏడవలేదు. ఒక్క కోరిక కోరాడు.

"పుస్తకం లేకపోతే పాయ. మా నాయన పుస్తకానికని ఒక చోటు పెట్టినారంటివే, ఆ చోటన్నా చూపించు. చూసి పోతా."

నేను అడ్డం పడ్డాను. ఆ వైపు లైట్లు లేవన్నాను. దుమ్మన్నాను. బల్లులున్నాయన్నాను.

"మా ఇంట్లో లేవా బల్లులు?" అని ఆయన చెప్పులు విడిచి లోపలికి నడిచాడు, గుళ్ళోకో దర్గాలోకో పోతున్నట్టు.

పీపీ ఆయన చేయి పట్టుకుని ముందు నడుస్తున్నాడు. వెనక కప్ప, వాడి వెనక మిగతా దండు, అందరికంటే వెనక సేనాపతి. పీపీ చూపుడువేలు చీటీల మీదుగా జరుగుతోంది. 780. 781. 785. 786. గైడులో నా బస్ పాసు పెట్టి ఉందని అప్పుడు గుర్తొచ్చింది, ఫోటోతో సహా. 787, వీణలు. 788. వేలు ఆగింది.

"నాయనా," అన్నాడు పీపీ.

గోధుమరంగు అట్ట. తన నంబరులో, తన చోటులో, నా గైడుకు ఒరుసుకుని నిలబడి ఉంది. పద్యాల మధ్య సంగీతం పుస్తకం కనబడితే అటెండరు ఏం చేస్తాడు? చీటీ చూసి తెచ్చి దాని అరలో పెడతాడు. ఎప్పుడో పెట్టేశాడు. మేము లైబ్రరీ అంతా తలకిందులు చేస్తున్నన్నాళ్ళూ అది అక్కడే ఉంది. రోజూ పొద్దున నేను దాని భుజం పట్టుకుని పక్కకు నెట్టి మరీ నా గైడు లాక్కుంటున్నాను.

పీపీ నేల మీద కూర్చుని పేజీలు తిప్పాడు. కీర్తన దొరికింది. కింద చిన్న అక్షరాల్లో, ఇది తనకల్లు సన్నాయి వారి పాఠం అని ఉంది. వాడు అది రెండుసార్లు చదివి వినిపించాడు. పెద్దాయన ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి ఉంచాడు. తరవాత పీపీ చరణం దగ్గరికి వచ్చి, మొదటి స్వరాలు నాలుగు మెల్లగా పలికాడు. ఐదోది వాడు పలకలేదు. నాయన అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, పళ్ళులేని నోటితో, ఊరేగింపు మధ్యలో ఉన్నంత గట్టిగా పాడాడు. ఇసకలో ఆగిన బండి ఒక్క కుదుపుతో గట్టెక్కింది. గళ్ళచొక్కా సార్ పెదవుల మీద వేలు పెట్టుకుని పరుగున వచ్చి, ఆ వేలు అలాగే ఉంచుకుని చరణం పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. అయ్యాక గోడ మీది నిశ్శబ్దం బోర్డు వైపు చూపించి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అందరూ పెద్దాయన చుట్టూ ఉండగా పీపీ లేచి అర వైపు తిరిగాడు. ఖాళీ పక్కన ఒరిగిన లావుపాటి పుస్తకాన్ని తీశాడు. వీపు మీద చీటీ చదివాడు. అట్ట మీద పేరు చదివాడు. తెరిచి, లోపల నా బస్ పాసులో నా ముఖం చూశాడు. ఆ తరవాత నన్ను చూశాడు. గళ్ళచొక్కా సార్ ఇంకా పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నాడు. వాడు ఒక్క మాట అంటే నా కార్డు, హాల్‌టికెట్, గ్రూప్స్ అన్నీ ఊడ్చుకుపోయేవే.

వాడు బస్ పాసు తీసి నా జేబులో పెట్టాడు. గైడును చప్పుడు కాకుండా అరలో పెట్టేసి, నన్ను ముందుకు నెట్టి, "నాయనా, ఎతికింది వీడే," అన్నాడు.

పెద్దాయన నా తల మీద చేయి పెట్టి, సల్లగుండు నాయనా అన్నాడు. ఇప్పటిదాకా నాకు చాలామంది చాలా శాపాలు పెట్టారు, కరెంటాఫీసు ఉద్యోగంలో అది మామూలే. వాటిలో ఏదీ ఆ దీవెన అంత గుచ్చుకోలేదు.

రేడియో వాళ్ళు పట్టీలో మొదటిదే అడిగారట. పీపీ నెగ్గాడు, సన్నాయి అటక ఎక్కలేదు. నేను ఆ ఏడాది గ్రూప్స్ రాశాను. ఊదే వాద్యం ఏది అని ఒక ప్రశ్న వచ్చింది. ఆ పేపర్లో నేను ఏ అనుమానమూ లేకుండా రాసిన జవాబు అదొక్కటే.

ఇక మొన్నటి సభలో ఆయన (ఇప్పుడు శాలువా ఉంది కాబట్టి ఆయన) నన్ను చూపించి అన్నదేమిటంటే, నా కోసం లైబ్రరీలో ఒక్క అర కూడా వదలకుండా వెతికిన మిత్రుడు అని. తప్పు అక్కడుంది. నేను ఒక అర వదిలాను. పుస్తకం ఉన్నది ఆ అరలోనే. సభ అయ్యాక పక్కకు లాక్కుపోయి, అన్నీ తెలిసి అట్లా ఎందుకు చెప్పినావని అడిగాను.

"మా నాయన పోయేదాకా అట్లనే చెప్పుకున్యాడప్పా. ఇంగ నేను మార్చేదేముండాది?" అని నవ్వాడు. "అయినా నువ్వు ఆడ లేదు, ఆడ లేదు అంటాంటే, ఆడ్నే ఉంటాదని నాకు అనుమానం వచ్చె. నాయన అడగకపోయింటే నేనే పోయి చూసుండేవాణ్ణి."

మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి లైబ్రరీకి పోయాను. కార్డుల సొరుగులు లేవు, కంప్యూటర్లు వచ్చాయి. తెర మీద వెతికే గడిలో 788 అని కొట్టాను. గోధుమరంగు పుస్తకం పేరు వచ్చింది. దాని కిందే ఇంకో పేరు వచ్చింది, జనరల్ నాలెడ్జి గైడు. విషయం: ఊదే వాద్యాలు. పుస్తకాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఎవరో చీటీ చూసి నిజాయితీగా కొట్టేసినట్టున్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయిని పిలిచి ఇది తప్పమ్మా, మార్చాలి అన్నాను. ఆమె తెర చూసి, నన్ను చూసింది.

"రికార్డులో అది సంగీతమే సార్. మార్చాలంటే తప్పు ఎట్ల జరిగిందో తెలిసినోళ్ళు ఎవరన్నా రాసియ్యాల."

రాసిస్తానన్నాను. అక్కడే కూర్చుని మొదలుపెట్టాను. చీటీ అంటించింది నేనే అని ఒక్క వాక్యం సరిపోతుందనుకున్నాను గానీ, ఎందుకు, ఎప్పుడు, ఎవరి చోటు లాక్కుని అని కలం అడుగుతూ పోయింది, ఇదిగో ఇంతయింది. ఆమెకు ఇవ్వాల్సిన వాక్యం ఆమెకు ఇచ్చాను. మిగతాది మీకు.

వచ్చేముందు అర దగ్గరికి పోయాను. ఇద్దరూ అలాగే ఒరుసుకుని నిలబడి ఉన్నారు. గైడును లాగితే ఇప్పటికీ అంతే గట్టిగా వచ్చింది. బొటనవేలి గోటితో చీటీ గీకి చూశాను, అంచు కూడా లేవలేదు. మా మెస్సు సంగటిని ఎన్ని మాటలన్నా, గంజికి మాత్రం వంక పెట్టలేను. ఆ అంచులు ఎంత శ్రద్ధగా ఒత్తాడో ఆ బెళుగుప్ప కుర్రాడు. కళ్ళెత్తి పక్క పుస్తకం వైపు ఒక్కసారి చూడటానికి తీరిక లేదు గానీ. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, నవ్వొచ్చింది.

గైడును చంకలో పెట్టుకుని కౌంటర్ వైపు తిరిగాను. వెనక చిన్న చప్పుడైంది. ఖాళీ అయిన చోటులోకి సన్నాయి పుస్తకం మెల్లగా ఒరిగింది, ఇన్నేళ్ళకు కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు.